ముందు చోటు రాయండి, పేరు తర్వాత

(విశాఖపట్నంలో తీర జీవుల గురించి చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఎండ తగ్గకముందే ఇంతమంది వచ్చారు, పిల్లల్ని కూడా తీసుకొచ్చారు. చాలా సంతోషం.

ఈ బల్ల మీద పెట్టిన హార్లిక్స్ సీసా చూడండి. ఇందులో నలభై రెండు గుల్లలున్నాయి. బీఎస్సీ చదివే రోజుల్లో సాయంత్రాలు బీచ్ వెంట తిరుగుతూ ఏరుకున్నవి. ఎన్ని ఇళ్ళు మారినా వీటిని పారేయలేదు. ఇప్పుడు వీటిలో ముప్ఫైకి పైగా పేరు పెట్టి చెప్పగలను. కానీ ఏది ఎక్కడ దొరికిందో, ఏ నెలలో దొరికిందో, అప్పుడు లోపల ప్రాణి ఉందో లేదో ఒక్కదానికీ రాసుకోలేదు. లాసన్స్ బేలో ఏరినవీ, భీమిలిలో ఏరినవీ, చేపల హార్బర్ దగ్గర వలలు దులిపిన కుప్పలో దొరికినవీ, చుట్టాలెవరో రామేశ్వరం నుంచి తెచ్చి ఇచ్చినవీ అన్నీ కలిసిపోయాయి. ఈ సీసా చూడ్డానికి బాగుంటుంది. విశాఖ తీరం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. దీన్ని చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఈ సీసా నేర్పిందే. తీరం మీద ఏ జీవి కనిపించినా ముందు చోటు, తేదీ రాయండి. పేరు రేపు కనుక్కోవచ్చు, ఏడాది తర్వాతైనా కనుక్కోవచ్చు. మీకు తెలియకపోతే తెలిసినవాళ్ళు ఫొటో చూసి చెప్తారు. చోటూ తేదీ అప్పటికప్పుడు రాయకపోతే ఇంకెవరూ చెప్పలేరు.

అకశేరుకాలు అని పుస్తకాల్లో రాస్తాం. వెన్నెముక లేని జీవులు. పీత, రొయ్య, నత్త, ఆల్చిప్ప, జెల్లీఫిష్, సముద్ర నక్షత్రం, స్పంజిక, ఇసుకలో గొట్టాలు కట్టుకునే పురుగులు, అన్నీ ఇందులోకే వస్తాయి. జంతు జాతుల్లో నూటికి తొంభైకి పైగా ఇవే. ‘బీచ్‌లో ఏముంది, రాళ్ళూ ఇసుకే కదా’ అనుకునే చోట మన కాళ్ళ కింద ఉండేవి ఇవే.

జాబితా రాస్తే ఏమొస్తుందని చాలామంది అడుగుతారు. దానికి మన ఊరి కథే చెప్తాను. 1967లో విశాఖపట్నం హార్బర్‌లో ఒక చిన్న ఆల్చిప్ప కనిపించింది. రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. నారపోగుల్లాంటి దారాలతో ఓడల అడుగుకీ, జెట్టీ స్తంభాలకీ గుత్తులు గుత్తులుగా అతుక్కుంటుంది. పైపైన చూస్తే మన పచ్చ ఆల్చిప్పల పిల్లలా ఉంటుంది. విప్పి చూస్తే తేడా తెలుస్తుంది. గుల్ల మొన లోపలివైపు చిన్న అరలాంటి పలక ఉంటుంది, దాని పక్కనే పంటి ముక్కలాంటి బొడిపె. మన పచ్చ ఆల్చిప్పకు ఆ అర ఉండదు. అది గల్ఫ్ ఆఫ్ మెక్సికో, కరీబియన్ సముద్రాల జీవి. ఓడల ద్వారా ఇక్కడికి చేరింది. భారతదేశంలో మొదటిసారి నమోదైంది మన హార్బర్‌లోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు కాంజీరియా సాలై అనే పేరుతో దాని గురించి 1971లో ప్రచురించారు. ఇప్పుడు దాన్ని మైటిలాప్సిస్ సాలై అంటున్నారు. ఆ తర్వాత అది ముంబై వైపు కూడా కనిపించింది.

ఇది కొత్తగా వచ్చిందని వాళ్ళు ఎలా చెప్పగలిగారు? అంతకుముందు హార్బర్‌లో ఏమేమి అతుక్కుంటున్నాయో ఏళ్ళ తరబడి చూసి, రాసి పెట్టుకున్నారు కాబట్టి. పాత జాబితా లేకపోతే కొత్త జీవి కూడా పాత కాపులాగే కనిపిస్తుంది. ఇదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవులో బయటపడింది. అంతకు కొద్ది నెలల ముందే అక్కడ సర్వే జరిగింది, అందులో ఇది లేదు. ఇప్పుడే దిగిందని వెంటనే అర్థమైంది. పడవల లంగరు రేవుల్ని మూసేసి, నీళ్ళలో క్లోరిన్, మైలుతుత్తం కలిపి పూర్తిగా తుడిచిపెట్టారు. ఆ పని చేయగలిగిన వ్యవధి వాళ్ళకు ఉందంటే, ‘అప్పుడు లేదు’ అని ఒక కాగితం మీద రాసి ఉండడమే కారణం.

అందుకే ‘వెతికాను, కనిపించలేదు’ అన్న వాక్యాన్ని కూడా రాయమంటాను. దాని విలువ అది రాసినరోజు తెలియదు.

నా వరకు నేను ఇంకోటి పోగొట్టుకున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మీ అందరికీ ఆ రోజు గుర్తుండే ఉంటుంది. కొన్ని వారాల తర్వాత తెన్నేటి పార్కు కింది రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అంతకుముందు ఎన్నోసార్లు చూసిన రాళ్ళే. ఏదో మారిందని మనసుకు తెలుస్తోంది. ఏం మారిందో చెప్పలేకపోయాను. ఏ రాయి మీద ఏముండేదో నా నోట్‌బుక్‌లో లేదు. జోడుగుళ్ళపాలెం వైపు ఒక పెద్దమ్మ ఒకసారి నాతో అంది, ‘ఇక్కడ సేనా ఉండీవి బాబూ, ఇప్పుడేటీ లేవు’ అని. ఆమె మాట నేను నమ్ముతాను. అరవై ఏళ్ళు ఆ రాళ్ళ మధ్య తిరిగిన మనిషి. కానీ ఏవి ఉండేవి, ఎన్ని ఉండేవి అని ఇంకొకరికి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

సరే, ఎలా చూడాలో చెప్పుకుందాం.

ముందు పోటు, ఆటు. మన తీరంలో దాదాపు ఇరవై నాలుగు గంటల యాభై నిమిషాల్లో రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి దగ్గర అర మీటరుకు కాస్త అటూ ఇటూ. గుజరాత్ తీరంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. మనకు బయటపడే రాయి కొంచెమే, అదీ కొద్దిసేపే. అందుకని అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజులు ఇటూ అటూ చూసుకుని వెళ్ళాలి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలు వేస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు అలల హెచ్చరికలు ఇస్తారు. రెండూ చూడకుండా రాళ్ళ మీదికి దిగొద్దు. ఇంకో సంగతి, బంగాళాఖాతం ఈ వైపు సగటు నీటిమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో బాగా తగ్గుతుంది, అక్టోబర్, నవంబర్‌లో పెరుగుతుంది. అక్టోబర్‌లో ఎప్పుడూ నీళ్ళ కిందే ఉండే రాయి మార్చిలో బయటికి రావచ్చు. చూడ్డానికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం.

మన రాళ్ళు ఎక్కువగా ఖోండలైట్. తూర్పు కనుమల రాయి ఇక్కడ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. గరుకుగా, పగుళ్ళతో ఉంటుంది. జీవులకు దాక్కోడానికి అది చాలా అనువు. రాయి ముందు నిలబడి పైనుంచి కిందికి చూడండి. మేడ మీద వాటాల్లా కనిపిస్తుంది. అల తుంపర మాత్రమే తగిలే పై వాటాలో గోధుమ గింజంత నత్తలు పగుళ్ళలో వరసగా ఇరుక్కుని ఉంటాయి. లిట్టోరినా కుటుంబానికి చెందినవి. ఎండకు మూత బిగించుకుని గంటల తరబడి అలాగే ఉండగలవు. వాటి కింద బార్నకిల్స్, రాతి ఆయిస్టర్లు. ఇంకా కిందికి పచ్చ ఆల్చిప్పలు, నాచు. అన్నిటికన్నా కింద, ఆటు బాగా తగ్గితేగానీ కనపడని చోట, తివాచీలా పరుచుకున్న జోవాంథిడ్‌లు అనే పగడాల బంధువులు, రాతి గుంటల్లో నల్లటి ముళ్ళబంతుల్లా సీ అర్చిన్‌లు. మన రాళ్ళ మీద తరచు కనిపించే అర్చిన్ స్టోమోప్‌న్యూస్టిస్ వేరియోలారిస్. లామార్క్ 1816లో పేరు పెట్టిన జాతి. ఏ వాటాలో కనిపించింది అన్నది రాస్తే, పేరు కనుక్కోవడంలో సగం పని అక్కడే అయిపోతుంది.

బార్నకిల్స్ దగ్గర కాసేపు ఆగుతాను. నాకు ఇవంటే ప్రత్యేకమైన ఇష్టం. రాయి మీద చిన్న అగ్నిపర్వతంలా తెల్లగా, కాలికి గీసుకునేవి. చాలా కాలం వీటిని నత్తల జాతిలో కలిపేశారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ వీటి పిల్లల్ని గమనించి, ఇవి పీతలకీ రొయ్యలకీ బంధువులని చూపించాడు. పిల్ల దశలో హాయిగా ఈదుతూ తిరుగుతుంది. తర్వాత ఒక చోటు ఎంచుకుని, తలను రాయికి అంటించుకుని, చుట్టూ సున్నపు గోడ కట్టుకుని, జీవితమంతా కాళ్ళతో తిండి లోపలికి తోసుకుంటూ బతుకుతుంది. పోటు వచ్చినప్పుడు ఒక రాతి గుంట పక్కన చప్పుడు చేయకుండా కూర్చోండి. మూత తెరుచుకుని సన్నటి ఈకల్లాంటి కాళ్ళు బయటికి వచ్చి నీళ్ళను దువ్వుతుంటాయి. ఒకసారి చూస్తే మర్చిపోరు.

చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు ఈ బార్నకిల్స్ మీదే పనిచేశాడు. హార్బర్లలో ఎక్కడ చూసినా ఉండే ఒక చారల బార్నకిల్‌కి పేరు పెట్టింది ఆయనే, 1854లో. ఆయన పెట్టినప్పుడు అది బాలనస్ ఆంఫిట్రైటీ, ఇప్పుడు ఆంఫిబాలనస్ ఆంఫిట్రైటీ. జాతుల జాబితాల్లో పేరు పక్కన శాస్త్రవేత్త పేరు, సంవత్సరం కొన్నిసార్లు కుండలీకరణాల్లో ఉంటాయి, కొన్నిసార్లు ఉండవు. కుండలీకరణాలు ఉన్నాయంటే, ఆయన మొదట వేరే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల వేరే గుంపులో పెట్టాడు, తర్వాత ఎవరో మార్చారు అని అర్థం. ఆ చిన్న గుర్తు వెనక ఒక చరిత్ర ఉంటుంది.

బార్నకిల్‌ని గుర్తుపట్టడానికి మొదటి మెట్టు గోడ పలకల్ని లెక్కపెట్టడం. నాలుగు పలకలైతే టెట్రాక్లిటా వైపు వెళ్ళండి. ఆ పేరులోనే నాలుగు ఉంది. ఆరైతే ఇంకా రెండు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ముసలి బార్నకిల్ అయితే పలకలు అరిగి అతుకులు కనిపించవు. అప్పుడు పక్కనున్న చిన్నదాన్ని చూడండి. ఏదీ తేలకపోతే ‘బార్నకిల్, జాతి తెలియదు’ అని రాసి ఫొటో తీసుకోండి. అందులో తప్పేమీ లేదు. తెలియనిచోట ఊహించి రాసిన పేరు తర్వాత వచ్చేవాళ్ళను చాలా దూరం తప్పుదారి పట్టిస్తుంది.

అలాంటిదే ఇంకోటి, రాయికి టోపీ పెట్టినట్టుండే లింపెట్. మన దగ్గర సెల్లానా రేడియాటా అనేది అసలు లింపెట్, మొప్పలతో నీటిలోని గాలి పీలుస్తుంది. దాని పక్కనే అచ్చం అలాంటి టోపీతో సైఫనేరియా ఉంటుంది. అది గాలి పీల్చే నత్తల బంధువు, ఊపిరితిత్తిలాంటి గది ఉంటుంది. రెండిటికీ దగ్గరి చుట్టరికం లేదు. ఒకే రకమైన అలల దెబ్బకు ఒకే రకమైన టోపీ తయారైంది. ఖాళీ టోపీ దొరికితే లోపల చూడండి. సైఫనేరియాకు కుడి అంచువైపు ఒక కాలువ గీత ఉంటుంది, పైనుంచి చూస్తే ఆ వైపు కొంచెం ఉబ్బినట్టు ఉంటుంది. సెల్లానాకు ఉండదు. ఈ ఒక్క గీత తెలిసినరోజు నాకు ఎంత ఆనందం వేసిందో! అప్పటిదాకా రెండిటినీ ఒక్కటిగానే లెక్కపెట్టాను. బతికి ఉన్నవాటిని మాత్రం పీకి చూడొద్దు. కొన్ని లింపెట్లు మేతకు వెళ్ళి మళ్ళీ తమ సొంత చోటుకే వచ్చి సర్దుకుంటాయి. గుల్ల అంచు ఆ రాతి గతుకుకి సరిగ్గా సరిపోయేలా పెరిగి ఉంటుంది. పీకితే ఆ ఇల్లు పోయినట్టే.

ఇసుక మీదికి వద్దాం. ఋషికొండ, సాగర్ నగర్, యారాడ ఇసుకలో పొద్దున్నే ఎర్రటి పీతలు పరుగులు పెడుతుంటాయి. ఓసిపోడ్ ప్రజాతి. కంటి కాడ చివర కన్ను దాటి కొమ్ములాంటి మొన ఉందా లేదా అన్నది ముఖ్యమైన గుర్తు. కానీ చిన్న పీతలకు ఆ కొమ్ము ఇంకా పెరిగి ఉండదు. కాబట్టి పిల్లపీతను చూసి కొమ్ము లేదని జాతి తేల్చేయకూడదు. అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుకలో వి ఆకారంలో చిన్న గీతలు కనిపిస్తే అక్కడ మోల్ క్రాబ్ ఉన్నట్టు. వెనక్కి తవ్వుకుంటూ దిగిపోయి, ఈకల్లాంటి మీసాలతో నీళ్ళలో తిండి వడకట్టుకుంటుంది. ఆ పక్కనే ముక్కోణపు చిన్న ఆల్చిప్పలు అలతో పైకొచ్చి అలతో దిగుతుంటాయి, డోనాక్స్ అంటారు.

ఈ డోనాక్స్ దగ్గరే కొత్తవాళ్ళు ఎక్కువ పొరపడతారు. తెల్లది, ఊదాది, పసుపుది, చారలది చూసి నాలుగు జాతులు అనుకుంటారు. చాలాసార్లు అవన్నీ ఒకే జాతి. చొక్కా బొత్తాంలా నున్నగా ఉండే అంబోనియం నత్త కూడా అంతే. ఒక దోసిట్లో ఇరవై రంగులు కనిపిస్తాయి, జాతి ఒక్కటే. గుల్లల్లో రంగును చివర చూడాలి. ముందు ఆకారం, తర్వాత నోరు, తర్వాత గీతలూ గాడులూ. నత్తకు మూత ఉంటే అది చాలా చెప్తుంది. టర్బో నత్తకు మూత రాయిలా గట్టిగా, గుండ్రంగా ఉంటుంది. దాని దగ్గరి బంధువు ట్రోకస్‌కి మూత పల్చగా, గోరులా వంగుతుంది. గుల్లలు అరిగిపోయి తేడా తెలియనప్పుడు మూతే సాక్ష్యం.

గుల్లను పట్టుకునే పద్ధతి కూడా ఒకటే ఉండాలి. మొన పైకి, నోరు మీ ఎదురుగా. నోరు మీ కుడివైపు ఉంటే కుడి చుట్టు, ఎడమవైపు ఉంటే ఎడమ చుట్టు. నత్తల్లో దాదాపు అన్నీ కుడి చుట్టే. ఇక్కడ మన శంఖం సంగతి చెప్పాలి. పూజలో వాడే శంఖం టర్బినెల్లా పైరమ్ అనే నత్త గుల్ల. దక్షిణావర్త శంఖం అని ఎంతో అపురూపంగా చూసుకునేది, జీవశాస్త్రం లెక్కలో ఎడమ చుట్టు. మన సంప్రదాయంలో శంఖాన్ని తిరగేసి, సన్నని కొస పైకి పెట్టి చూస్తారు కాబట్టి నోరు కుడివైపు వస్తుంది. రెండు మాటలూ నిజమే, పట్టుకున్న తీరు వేరు. అయితే బజారులో దక్షిణావర్తమని అమ్మేవాటిలో, అమెరికా తీరాల్లో సహజంగానే ఎడమ చుట్టు ఉండే వేరే జాతి గుల్లలూ ఉంటాయి. భక్తితో కొనేవాళ్ళు ఆ సంగతి తెలుసుకోవాలి.

గుల్ల కనిపించగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. లోపల నత్త బతికే ఉందా? సన్యాసి పీత కాపురం ఉంటోందా? లేక ఖాళీదా? ఈ మూడూ వేర్వేరు సమాచారాలు. ఖాళీ గుల్ల ఒక చోట ఉందంటే ఆ జీవి అక్కడ బతికిందని చెప్పడానికి లేదు. మన ఊళ్ళో అది మరీ నిజం. ట్రాలర్ల వలల్లో లోతునుంచి వచ్చినవి ఒడ్డున పారేస్తారు. హార్బర్ దగ్గర తవ్వి తీసిన ఇసుకను కోతకు గురైన ఆర్కే బీచ్ మీద పోస్తుంటారు, దానితో పాటు గుల్లలూ వస్తాయి. పర్యాటకులు కొనుక్కున్నవి జారవిడుస్తారు. నా సీసాలో కూడా అలాంటివి ఎన్ని ఉన్నాయో!

ఖాళీ గుల్లలు పనికిరానివి అనడం లేదు. చిల్లి పడిన ఆల్చిప్ప దొరికితే జాగ్రత్తగా చూడండి. చుట్టూ చెక్కినట్టు ఏటవాలు అంచుతో గుండ్రటి రంధ్రం ఉంటే, అది నాటికా కుటుంబపు నత్త చేసిన పని. ఇసుకలో పాకుతూ వెళ్ళి, ఆల్చిప్పను పాదంతో చుట్టేసి, నాలుకతో గీకి గీకి, ఆమ్లం పూసి, రంధ్రం చేసి లోపలి మాంసం తినేస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం అంటుంటాం. తీరం మీద మాత్రం చిల్లి ఉన్న గుల్లే ఎక్కువ చెప్తుంది. ఎవరు ఎవర్ని తిన్నారో దాని మీద రాసి ఉంటుంది. అలాగే ఆయుర్వేద మందుల కొట్టులో సముద్రపు నురుగు పేరుతో అమ్మే తెల్లటి బెండులాంటిది కటిల్‌ఫిష్ లోపలి గుల్ల. అది తేలుతుంది కాబట్టి ఎంత దూరం నుంచైనా రావచ్చు.

గాలివాటుకు కొట్టుకొచ్చేవి ఇంకొన్ని. నీలం బొత్తాంలా ఉండే పోర్పిటా, నీలి బెలూన్‌లాంటి ఫైసేలియా. ఫైసేలియా ఒడ్డున ఎండినట్టు కనిపించినా కుట్టగలదు. చేత్తో ముట్టొద్దు. శంకువు ఆకారంలో ఉండే కోనస్ నత్తల్ని కూడా బతికి ఉండగా పట్టుకోకండి. వాటికి విషపు బాణం ఉంటుంది, కొన్ని జాతులది ప్రాణాంతకం. జోవాంథిడ్‌లను ముట్టుకున్న చేతులతో కళ్ళు తుడుచుకోవద్దు. పిల్లలు ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

ఇక రాయడం. మొన్న మార్చిలో నేను రాసుకున్నది ఒకటి చదువుతాను. ‘2025 మార్చి 1, శనివారం, మధ్యాహ్నం 2.50. తెన్నేటి పార్కు కింద, మెట్లకు ఉత్తరాన మూడో పెద్ద రాయి, సముద్రం వైపు ముఖం. నీరు ఇంకా తగ్గుతోంది. అర మీటరు చట్రం. రాతి ఆయిస్టర్లు, సాకోస్ట్రియా, జాతి తేల్చలేదు, బతికినవి 31, ఖాళీవి 12. సైఫనేరియా 4. పచ్చ ఆల్చిప్పలు వెతికాను, లేవు. ఫొటోలు ఏడు.’ అంతే. రెండు నిమిషాల పని. చట్రం అంటే పీవీసీ గొట్టాలతో చేసుకున్న అర మీటరు చదరం. దాన్ని రాయి మీద ఆనించి లోపల ఉన్నవి మాత్రమే లెక్కపెడతాం. ‘చాలా ఉన్నాయి’ అని రాస్తే వచ్చే ఏడాది పోల్చడానికి ఏమీ ఉండదు. ఫొటోలో పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి, సైజు తెలుస్తుంది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఖాళీ గుల్ల అయితే నోటివైపు ఒకటి, చుట్టూ ఉన్న రాయితో కలిపి ఒకటి.

‘జాతి తేల్చలేదు’ అని రాశాను చూశారా. రాతి ఆయిస్టర్ ఏ రాయి మీద పెరిగితే ఆ రాయి ఆకారం పొందుతుంది. చాలాకాలం సాకోస్ట్రియా కుకులేటా అని ఒకే పేరుతో పిలిచిన వాటిలో, డీఎన్ఏ చూస్తే విడివిడి వంశాలు ఉన్నాయని తేలింది. కంటితో చూసి తేల్చలేనిదాన్ని ప్రజాతి దగ్గరే ఆపడం మర్యాద. మీ ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో పెడితే లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో పేర్లు సూచిస్తారు. పేరు ఇప్పుడు చెల్లుతుందా, పాతబడిందా అన్నది వార్మ్స్ అనే ప్రపంచ సముద్ర జాతుల పట్టికలో చూసుకోవచ్చు. యాప్ చెప్పిందని వెంటనే ఒప్పుకోకండి. అది మన తీరంలో లేని జాతుల్ని కూడా ధైర్యంగా చెప్తుంది.

జాలరిపేటల్లో వాడే పేర్లు కూడా రాయండి. కానీ ‘స్థానిక నామం’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఏ పేటలో విన్నారు, దేన్ని చూపించినప్పుడు చెప్పారు, అది కూడా రాయండి. ఒకే మాట ఒక పేటలో ఒక జీవికి, పక్క పేటలో ఇంకో జీవికి వాడతారు. వాళ్ళ పేర్లలో ఏ కాలంలో వస్తుంది, తింటారా లేదా, ఎక్కడ ఉంటుంది అన్న జ్ఞానం దాగి ఉంటుంది. అది ఏ లాటిన్ పేరులోనూ దొరకదు.

ఇంకొక్క సంగతి. గణపతి గారు, జి. చంద్రశేఖరరావు గారు 1962లో వాల్తేరు బీచ్ ఇసుక మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఇసుక మీద అంటే పైన కాదు, రేణువుకీ రేణువుకీ మధ్యలో. ఆ సందుల్లో తడి ఉంటుంది, ఆ తడిలో మిల్లీమీటరు కూడా లేని జీవులు బతుకుతాయి. పురుగులు, రొయ్యల దూరపు బంధువులైన కోపిపాడ్‌లు, నీటి ఎలుగుబంట్లు అని పిలిచే టార్డిగ్రేడ్‌లు. గుప్పెడు తడి ఇసుకను మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో వేస్తే అవి మత్తుగా రేణువుల్ని వదిలేస్తాయి. పై నీటిని సన్నటి వల మీద వడకట్టి మైక్రోస్కోప్ కింద పెడితే మనం రోజూ వాకింగ్ చేసే ఇసుకలో ఇంకో ఊరు కనిపిస్తుంది. మన తీరం మీద అరవై ఏళ్ళ కిందటే అంత సూక్ష్మంగా చూసి రాసినవాళ్ళున్నారు. ఆ పని తర్వాత కూడా జరగాలని నా కోరిక.

తిప్పిన రాయిని మళ్ళీ యథాప్రకారం పెట్టండి. కింది వైపు బతికేవాటికి ఎండ తగిలితే గంటలో చచ్చిపోతాయి. బతికిన జీవిని ఇంటికి తీసుకెళ్ళొద్దు. సముద్ర దోసకాయలు, పగడాలు, సీ ఫ్యాన్‌లు వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నవి, చచ్చినవైనా ముట్టకండి.

ఎల్లుండి అమావాస్య. మధ్యాహ్నం రెండున్నరకు తెన్నేటి పార్కు గేటు దగ్గర కలుద్దాం. టోపీ, నీళ్ళు, పట్టు ఉన్న చెప్పులు, పెన్సిల్ తెచ్చుకోండి. పెన్ను వద్దు, తడిస్తే అలుక్కుపోతుంది.

ప్రశ్న: సార్, మాకు సైన్స్ బ్యాక్‌గ్రౌండ్ లేదు. మేం రాసినదానికి విలువ ఉంటుందా?

ఉంటుందమ్మా. మీరు రోజూ పొద్దున ఎక్కడ నడుస్తారు? లాసన్స్ బే. రోజూ అదే చోట నడిచే మనిషి చూసేది, ఏడాదికి రెండుసార్లు వచ్చే నిపుణుడు చూడలేడు. ఒక్క జీవిని ఎంచుకోండి. ఎర్ర పీత బొరియలు లెక్కపెట్టండి. ఒకే వంద అడుగుల మేర, వారానికి ఒకసారి, ఒకే వేళకి. ఏడాది అయ్యేసరికి మీ దగ్గర ఉన్న పుస్తకం నా దగ్గర లేదు.

ప్రశ్న: తాతగారూ, నేను పోయిన వారం గవ్వలు తెచ్చుకున్నాను. మళ్ళీ సముద్రంలో వేసేయాలా?

ఎక్కడ ఏరావు తల్లీ? సాగర్ నగర్‌లో. ఎవరితో వెళ్ళావు? నాన్నతో. ఖాళీవేనా? అయితే ఇప్పుడు వేయొద్దు. వేరే బీచ్‌లో వేశావనుకో, అక్కడ చూసినవాళ్ళు అక్కడివే అనుకుంటారు. ఇకముందు మాత్రం ఖాళీవి కూడా అక్కడే వదిలెయ్యి, సన్యాసి పీతలకు ఇల్లు కావాలి కదా. ఇదిగో కాగితం, పెన్సిల్. ఇలా వచ్చి కూర్చో. ‘సాగర్ నగర్ బీచ్’ అని రాయి. కింద ‘నాన్నతో’ అని రాయి. ఏ రోజు? ఆదివారమా? తేదీ నాన్నని అడుగు. ఆ, అది కూడా వెయ్యి. సంవత్సరం కూడా. ఇప్పుడు దీన్ని మడిచి గవ్వల డబ్బాలో పెట్టుకో.